'నిద్రలోనే పోయారు' అన్న తర్వాత అడగాల్సింది

సంపాదకులకు,

మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చే మరణవార్తల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: 'రాత్రి భోజనం చేసి పడుకున్నవారు నిద్రలోనే తుదిశ్వాస విడిచారు.' చదివినవాళ్లు 'పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడు' అనుకుంటారు. 'అనాయాసేన మరణం' అని రోజూ దేవుడి ముందు కోరుకునే పెద్దలున్న ఇళ్లలో ఆ మాట సహజం. దాన్ని తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ ఆ మాట దగ్గరే ప్రశ్న కూడా ఆగిపోతోంది. 94 ఏళ్లకు పోయినా, 64 ఏళ్లకు పోయినా అదే వాక్యం. పెద్దవాళ్ల వైద్యంలో రోజూ పనిచేస్తున్న మేం చెప్పదలచింది ఒక్కటే. ప్రాణం తీసేది రాత్రి కాదు. రాత్రి జరిగిన మరణాల్లో చాలావాటికి ముందురోజు సాయంత్రమో, ఆ ముందు వారమో ఒంట్లోంచి ఒక కబురు వచ్చి ఉంటుంది. దాన్ని 'గ్యాస్' అనో 'వయసు' అనో 'ఉక్క' అనో పక్కన పెట్టేసి ఉంటాం.

ముందు లెక్క సరిచూసుకోవాలి. డెబ్బై దాటినవాళ్లు రోజులో ఎనిమిది నుంచి పది గంటలు పక్క మీదే ఉంటారు. అంటే ఏ కారణంతో పోయినా, మూడింట ఒకరు పక్క మీద పోవడంలో వింతేమీ లేదు. పైగా తెల్లారి ఐదున్నరకు ఆగిన గుండెను ఆరున్నరకు కాఫీ గ్లాసుతో వెళ్లినవాళ్లు చూస్తారు. అదీ 'రాత్రి నిద్రలో' ఖాతాలోకే వెళ్తుంది. నిజానికి గుండెపోట్లు, హఠాత్తుగా గుండె ఆగిపోవడాలు ఎక్కువగా జరిగేది ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 లోపు అని 1980ల నుంచి వచ్చిన పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి.

ఎందుకలా? మామూలుగా నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం తగ్గుతుంది, నాడి నెమ్మదిస్తుంది. గుండెకు అది విశ్రాంతి. తెల్లవారుజామున శరీరం లేవడానికి సిద్ధమవుతూ కార్టిజోల్, అడ్రినలిన్ అనే హార్మోన్లను వదులుతుంది. బీపీ పైకి లేస్తుంది, రక్తానికి గడ్డకట్టే గుణం కాస్త పెరుగుతుంది. కలలు వచ్చే నిద్ర కూడా రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. ఆ దశలో ఊపిరి, నాడి ఒక తీరుగా ఉండవు. గట్టి గుండెకు ఇదేమీ లెక్క కాదు. రక్తనాళాలు పూడుకున్న గుండెకు ఇదే పరీక్ష. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్న కొందరికి రాత్రి బీపీ తగ్గనే తగ్గదు. పగలు క్లినిక్‌లో చూస్తే 130 ఉంటుంది, అర్ధరాత్రి 160 ఉంటుంది. 24 గంటలు చేతికి కట్టి ఉంచే బీపీ యంత్రంతో తప్ప ఇది బయటపడదు.

ఇక అసలు విషయం. పడుకోగానే ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పగలంతా కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు కాళ్లలో చేరిన నీరు, రక్తం పావు లీటరు నుంచి అర లీటరు దాకా, వెల్లకిలా పడుకోగానే ఛాతీ వైపు తిరిగి వస్తుంది. గుండె బలంగా ఉంటే దాన్ని తోసేస్తుంది. బలహీనపడ్డ గుండె తోయలేదు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకే గుండె నీరసించిన మనిషి మొదట చెప్పే మాట ఛాతీ నొప్పి కాదు, దిండు. నిరుడు ఒక దిండుతో పడుకున్నాయన ఈ సంక్రాంతికి రెండు అడుగుతాడు, ఉగాదికి మూడు. ఆ తర్వాత గోడకు ఆనుకుని పడుకుంటాడు, లేదంటే వాలుకుర్చీలోనే తెల్లార్చేస్తాడు. పడుకున్న గంటా రెండు గంటలకు దిగ్గున లేచి కూర్చుని, కిటికీ దగ్గరికి వెళ్లి ఊపిరి పీల్చుకుని, పావుగంటకు కుదుటపడి, 'ఏం లేదు, ఉక్కపోసింది' అని మళ్లీ నడుం వాలుస్తాడు. ఆ ఉక్కపోతకు పేరు గుండె వైఫల్యం. పొడి దగ్గు, అదీ పడుకుంటేనే రావడం కూడా దీనిదే కావచ్చు. దానికి నెల రోజులు దగ్గు సిరప్ తాగించిన ఇళ్లున్నాయి.

ఇంట్లోనే చూసుకోగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి, మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలాలి. గుంట పడి, పూడటానికి టైము తీసుకుంటే నీరు చేరినట్టు. రెండోది బరువు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు, అదే కాటా మీద, అదే రకం బట్టల్లో తూచి క్యాలెండర్ మీద రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి, వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. ఇలాంటివాళ్ల గుండె మీద ఒకే వారంలో రెండు దెబ్బలు పడేది మన పెళ్లిళ్ల సీజన్‌లో. రెండు మూడు రోజులు వరసగా ఆవకాయ, అప్పడాలు, వడియాలు, పులిహోర. పెద్దవాళ్లకు రోజుకు ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ భోజనాల్లో అది ఒక్క పూటకే దాటిపోతుంది. ఆపైన ప్రయాణానికి మోకాళ్లు పట్టేశాయని మందుల షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో తీసుకున్న డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్లలు. ఇవి కిడ్నీలు నీటిని బయటికి పంపకుండా పట్టి ఉంచేలా చేస్తాయి, ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోవడానికి ఇచ్చే నీటి బిళ్ల పనిని దెబ్బతీస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ల నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టాలి, పైపూత రాయాలి, కాపడం పెట్టాలి. అంతకు మించి కావాలంటే గుండె సంగతి తెలిసిన డాక్టరే రాయాలి.

గుండెపోటు సంగతి. షుగరు పదేళ్లు దాటినవాళ్లలో, ఆడవాళ్లలో, బాగా పెద్దవాళ్లలో గుండెపోటు సినిమాలో చూపించినట్టు ఛాతీ పట్టుకుని కూలబడేలా రాకపోవచ్చు. ఎడమ దవడ లాగడం, పొట్ట పైభాగంలో బరువు, వాంతి వచ్చేట్టుండటం, ఫ్యాను కిందా ముచ్చెమటలు, చెప్పలేని నీరసం. ఇంతే. సాయంత్రం ఏడింటికి ఇది వస్తే మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలుసు. 'మధ్యాహ్నం తిన్న బజ్జీలు' అంటారు, సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, గ్యాస్ బిళ్ల వేస్తారు. కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, పడుకోబెడతారు. ఆ రాత్రి మూడింటికి గుండె లయ తప్పితే పక్కనున్నవాళ్లకు కూడా తెలియదు. నలభై దాటినవాళ్లకు, ముఖ్యంగా షుగరు, బీపీ, పొగ అలవాటు ఉన్నవాళ్లకు చెమటతో కూడిన 'గ్యాస్' వస్తే ఈసీజీ తీసేదాకా అది గ్యాస్ కాదు. మొదటి ఈసీజీ బాగున్నా అనుమానం ఉంటే మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి. 108 వచ్చేలోపు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. ఆస్పిరిన్ పడనివాళ్లకు, కడుపులో పుండుతో రక్తం పోయినవాళ్లకు వద్దు. మూతి వంకరపోయి మాట తడబడుతుంటే అసలే వద్దు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ ఇంతకుముందు డాక్టరు రాసిచ్చినవాళ్లకే, అదీ కూర్చోబెట్టి. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది పెడితే ఇంకా పడిపోతుంది.

గ్యాస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక బిళ్ల గురించి చెప్పి తీరాలి. పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూళ్లలో చాలావాటిలో పాంటోప్రజోల్ లేదా రాబెప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు కలిపి ఉంటుంది. చీటీ లేకుండానే దొరుకుతుంది, ఏళ్ల తరబడి వాడేస్తారు. డోంపెరిడోన్‌కు గుండె విద్యుత్ లయను చెదరగొట్టే గుణం ఉంది. 60 దాటినవాళ్లలోనూ, రోజుకు 30 మిల్లీగ్రాములు మించి వాడేవాళ్లలోనూ ఆ ప్రమాదం ఎక్కువని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లోనే హెచ్చరించింది. వాడితే 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లకు మించకుండా, వారం లోపు వాడమంది. దానికి తోడు నీటి బిళ్లతో ఒంట్లో పొటాషియం తగ్గి ఉండి, జలుబుకని అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మొదలుపెడితే, మూడూ కలిసి లయను ఒకే వైపు లాగుతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ల గ్యాస్ బిళ్ల అట్ట తిప్పి ఈ రాత్రే చదవండి. డోంపెరిడోన్ అని ఉంటే అది ఎందుకు కావాలో, ఎన్నాళ్లు కావాలో రాసిన డాక్టరును అడగండి. ఈ ఒక్క పని ఎన్ని ఇళ్లలో జరిగితే అంత మంచిది.

గురకను మనవాళ్లు గాఢనిద్రకు గుర్తనుకుంటారు. గురక ఆగినప్పుడే భయపడాలి. గొంతు వెనక భాగం మూసుకుపోయి పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆడదు. పొట్ట ఎగురుతూనే ఉంటుంది కానీ గాలి లోపలికి పోదు. తర్వాత పెద్ద గురకతో ఉలిక్కిపడి మళ్లీ మొదలవుతుంది. గంటకు ఇలా ఐదుకన్నా ఎక్కువసార్లు జరిగితే స్లీప్ ఆప్నియా అనే జబ్బు కిందే లెక్క, 30 దాటితే తీవ్రం. ఒక్కో విరామంలో రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బీపీ లేస్తుంది, గుండె లయ తడబడుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో నిద్ర పరీక్ష చేయించుకుని, తర్వాత గుండె ఆగి హఠాత్తుగా మరణించిన 112 మంది వివరాలను 2005లో ప్రచురించారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో 46 శాతం మంది అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు మధ్య పోయారు. జబ్బు లేనివాళ్లలో ఆ సంఖ్య 21 శాతం. ఆ ఆరు గంటలు రోజులో నాలుగోవంతు, అంటే ఏ కారణం లేకున్నా 25 శాతం రావాలి. నిజంగా రాత్రికీ మరణానికీ ముడి ఉన్న చోటు ఇదే.

దీన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది ఒక ఫోను. పెద్దాయన నిద్రపోయిన రెండు మూడు గంటలకు, తెల్లవారుజామున ఒకసారి, ఛాతీ, ముఖం కనిపించేలా పదేసి నిమిషాలు వీడియో తీయండి. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, పగలు పేపరు చదువుతూ కునుకు తీస్తున్నారా, పొద్దున తలనొప్పితో లేస్తున్నారా, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారా, మూడు మందులు వాడినా బీపీ దిగడం లేదా, ఇవి రాసుకుని వీడియోతో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నిద్ర పరీక్ష ఇప్పుడు ఇంటి దగ్గరే చేసే యంత్రాలతోనూ అవుతుంది. కరోనా కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే నిద్రలో వేలికి పెట్టి చూడవచ్చు. 90 కిందికి పదేపదే దిగుతుంటే ఆలస్యం చేయొద్దు. అయితే అది బాగానే చూపించినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. దీని చికిత్సకు వాడే, మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చే సీపాప్ యంత్రం మొదటి వారం చిరాకు పెడుతుంది. ముక్కుకు సరిపోయే మాస్కు సైజు మార్పించుకుంటే చాలామందికి అలవాటవుతుంది. అందాకా పక్కకు తిరిగి పడుకోవాలి, రాత్రిపూట మద్యం మానాలి. గురకమనిషికి నిద్రమాత్ర ఇవ్వకూడదు.

షుగరు మందులతో రాత్రిపూట వచ్చే ప్రమాదం షుగరు పెరగడంకన్నా తగ్గడంలో ఎక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ బిళ్లలు, ఇన్సులిన్ తిన్నా తినకపోయినా పని చేసుకుపోతాయి. మన పెద్దవాళ్లకు శనివారం ఒంటిపూట, ఏకాదశి, కార్తీక సోమవారాలు ఉంటాయి. రాత్రి అన్నం మానేసి రెండు ఇడ్లీలో, అరటిపండో, ఉప్పుడు పిండో తింటారు. బిళ్ల మాత్రం మామూలు రోజు వేసుకున్నదే వేసుకుంటారు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో ఆ బిళ్ల ఒంట్లోంచి బయటికి పోవడమూ ఆలస్యమే. రాత్రి రెండు నాలుగు మధ్య షుగరు 70 కిందికి, కొందరికి 54 కిందికి జారుతుంది. మెలకువగా ఉంటే చెమట, వణుకు, ఆకలి తెలుస్తాయి. నిద్రలో అవి తెలియవు. బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటి బిళ్లలు వేసుకునేవాళ్లకు వణుకు, గుండెదడ కూడా మరుగున పడతాయి, చెమట ఒక్కటే మిగులుతుంది. పొద్దునకు దిండు తడిసి ఉండటం, పీడకలలు, లేవగానే తికమకగా మాట్లాడటం, తలనొప్పి ఉంటే ఒక రోజు అలారం పెట్టి రాత్రి మూడింటికి వేలు పొడిచి చూడండి. పడుకునే ముందు షుగరు 100 కన్నా తక్కువుంటే పాలు, రెండు బిస్కెట్లు తిని పడుకోవాలి. తగ్గిందని తేలితే మూడు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, ఆపైన కాస్త తిండి పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉపవాసాలు మానమని మేం చెప్పం. ఆ రోజు ఏ బిళ్ల ఎంత వేసుకోవాలో డాక్టరు చేత చీటీ మీద వేరుగా రాయించుకోండి. డెబ్బై అయిదు దాటి, నాలుగు జబ్బులున్న మనిషికి మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 6.5కు దించాలని పట్టుబట్టే పిల్లలకు ఒక మనవి. ఆ వయసులో 8 దగ్గర ఉండటం చాలామందికి క్షేమం.

మూత్రానికి లేవడం దగ్గర పోయే ప్రాణాలు 'బాత్రూంలో జారిపడ్డారు' ఖాతాలోకి వెళ్తాయి. చాలాసార్లు ముందు కళ్లు తిరుగుతాయి, తర్వాతే పడతారు. వయసుతో పాటు నిలబడగానే బీపీని సరిచేసే నరాల చురుకు తగ్గుతుంది. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్, బీపీకి వాడే ప్రాజోసిన్, నీటి బిళ్లలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. చూసుకునే తీరు ఇది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడాలి. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ తగ్గితే మందులు సరిచేయించాలి. నీటి బిళ్ల రెండో మోతాదు సాయంత్రం నాలుగింటికి వేసుకునేలా అడగవచ్చు, రాత్రి తొమ్మిదింటికి వేస్తే తెల్లార్లూ లేవడమే. మగవాళ్లు రాత్రిపూట కూర్చునే మూత్రం పోయాలి, నిలబడి పోస్తుండగా బీపీ పడిపోయి కూలేవాళ్లున్నారు. మంచం పక్కన పాట్ ఉంచడం నామోషీ కాదు. మంచం ఎత్తు కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఉండాలి. దారిలో సన్నని లైటు వెలగాలి, బాత్రూం గడప మీద తెల్లటి పట్టీ అంటించాలి. లోపల్నుంచి గడియ పెట్టుకోవద్దని చెప్పండి. తలుపు పగలగొట్టేలోపు పోయిన నిమిషాలు తిరిగి రావు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్ల తలకు దెబ్బ తగిలితే పైకి బొప్పి తప్ప ఏమీ లేకపోయినా స్కానింగ్ తీయించాలి. లోపల మెల్లగా రక్తం చేరి, 'అలసి పడుకున్నారు' అనుకున్న రెండో రాత్రే పోయేవాళ్లున్నారు.

అల్‌ప్రజోలాం లాంటి నిద్రమాత్రలు, నొప్పులకు వాడే ట్రమడాల్, ప్రెగాబాలిన్, కొడీన్ దగ్గు మందు. ఇవి ఒక్కొక్కటి ఊపిరిని కొంచెం నెమ్మదింపజేస్తాయి, కలిస్తే చాలా. పక్షవాతం, పార్కిన్సన్ ఉన్నవాళ్లకు మింగుడు సరిగా ఉండదు. మగతలో పొలమారితే దగ్గి బయటికి నెట్టలేరు. తిన్నాక కనీసం గంటన్నర కూర్చోబెట్టండి, కట్టుడుపళ్లు తీసి పడుకోబెట్టండి.

బీపీ బిళ్ల రాత్రి వేసుకుంటే ఎక్కువ మేలన్న మాట కొన్నేళ్ల కిందట బాగా తిరిగింది. 21 వేల మందికి పైగా పాల్గొన్న బ్రిటన్ అధ్యయనం 2022లో తేల్చింది ఏమిటంటే, పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోట్లలో, పక్షవాతంలో తేడా లేదు. మరచిపోని వేళ ఏదో అదే మంచి వేళ.

పక్షవాతాల్లో దాదాపు ఐదింట ఒకటి నిద్ర లేచేసరికే వచ్చి ఉంటుంది. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు లెక్కించేది చివరిసారి మామూలుగా కనిపించిన సమయం నుంచి. కాబట్టి రాత్రి ఎన్నింటికి బాగా మాట్లాడారో, మధ్యలో ఎప్పుడు లేచారో చెప్పగలగాలి. గడువు దాటిందని ఆగిపోవద్దు, స్కానింగ్ చూసి 24 గంటల లోపు గడ్డను తీసే చికిత్స కొందరికి చేయగలుగుతున్నారు. తుంటి విరిగి మంచాన పడ్డవాళ్లకు కాలి రక్తనాళంలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు, ఒక్క కాలే వాస్తే వెంటనే చూపించాలి. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకోవద్దు, అది వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. వేసవి రాత్రుల సంగతి అందరూ మరచిపోతారు. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా పోయారు. ఎండ పగటిదే అయినా, మేడమీద గదిలో స్లాబు ఆ వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. పెద్దవాళ్లకు దాహం తెలియదు, చెమట తక్కువ. మే నెలలో వాళ్ల పక్క కింది అంతస్తుకు మార్చండి.

ఫోన్లలో తిరిగే సందేశాల మీద ఒక మాట. 'లేచేముందు ఒకటిన్నర నిమిషం పడుకుని, అర నిమిషం కూర్చుని, అర నిమిషం కాళ్లు వేలాడేయండి' అన్నది మంచి అలవాటే, కారణం పైన చెప్పిన బీపీ. 'పడుకునే ముందు గ్లాసు నీళ్లు తాగితే గుండెపోటు రాదు' అన్నది అబద్ధం, దానివల్ల రాత్రి లేవడం పెరుగుతుంది, గుండె బలహీనులకు నీరూ చేరుతుంది. 'ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి' అన్నది ప్రాణాంతకం, ఆ సమయంలో నొక్కాల్సింది 108. తల ఉత్తరం వైపు పెట్టారా, దక్షిణం వైపు పెట్టారా అన్నదానికీ గుండెకూ సంబంధం లేదు.

ఇదంతా చదివి తొంభై ఏళ్ల తల్లి నిద్రలో పోయినందుకు ఎవరూ తమను తాము నిందించుకోకూడదు. నెలల తరబడి తిండి తగ్గి, ఒళ్లు కరిగి, పగలూ రాత్రీ నిద్రలోనే గడుపుతున్న మనిషి శరీరం మెల్లగా సద్దుమణుగుతోందని అర్థం. చివరి రోజుల్లో ఊపిరి పెద్దదై, చిన్నదై, కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. వాళ్లను ఆ అర్ధరాత్రి ఐసీయూకు మోయడంకన్నా తడి దూదితో పెదవులు తడుపుతూ పక్కన కూర్చోవడమే వైద్యం. ఆ నిర్ణయం మాత్రం ముందే, మెలకువలో, ఆ మనిషి ఉద్దేశం తెలుసుకుని, డాక్టరుతో మాట్లాడి తీసుకోవాలి.

మిగతావాళ్ల విషయంలో, పొద్దున పిలిస్తే పలకకపోతే ముందు ఒళ్లు తాకి చూడండి. దవడ, మెడ బిగుసుకుని, ఒళ్లు చల్లబడి ఉంటే గంటలు గడిచిపోయినట్టే. వెచ్చగా ఉండి, ఊపిరి లేకపోతే, లేదా చేపలా నోరు మాత్రం తెరుస్తుంటే, 108కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, మనిషిని పరుపు మీంచి గట్టి నేల మీదికి దించండి. మెత్తటి పరుపు మీద నొక్కితే దిగేది పరుపే. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి.

ఆ తర్వాతి పని కాగితం మీద ఉంది. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. ఇంట్లో పోయినవాళ్లకు చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు మరణ కారణం తెలిపే ఫారం 4ఎ నింపి ఇస్తారు. 21 రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించేటప్పుడు దాన్ని ఇవ్వాలి. అందులో 'గుండె, ఊపిరి ఆగి' అని రాస్తే అది కారణం కాదు, పోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందో రాయించండి. తోటి వైద్యులనూ మేం కోరేది అదే. మీ పత్రికను కోరేదీ ఒకటుంది. కుటుంబం ఒప్పుకున్నచోట, 'నిద్రలో' అన్న మాట పక్కన ఉన్న జబ్బు పేరు కూడా అచ్చువేయండి.

తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండె జబ్బు వచ్చి ఉంటే మిగతా రక్తసంబంధీకులకు ముప్పు ఎక్కువని వైద్యం లెక్కవేస్తుంది. హైదరాబాదులో అయినా డల్లాస్‌లో అయినా కొడుకో కూతురో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే 'అమ్మ ఎలా పోయారు?' అని ఫారంలో ఒక గడి ఉంటుంది. 'నిద్రలో' అని రాస్తే ఆ డాక్టరుకు ఏమీ తెలియదు. '63 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు, ముందురోజు సాయంత్రం దవడ లాగుతోందన్నారు, చెమటలు పట్టాయి' అని రాస్తే ఆ రోజే ఈసీజీ, కొలెస్ట్రాల్ చూస్తారు.

ఇట్లు,
పెద్దవాళ్ల వైద్యంలో పనిచేస్తున్న కొందరు డాక్టర్లు, నర్సులు